తాబేలు కన్నీటి చుక్క

ఆ పోస్టర్ మీద వారం రోజులు కూర్చున్నాను. నీలం సముద్రం, వలలో ఇరుక్కున్న పెద్ద తాబేలు, దాని కంటి కింద ఒక చుక్క. పైన ఎర్ర అక్షరాలు: "ఏటా వేలాది తాబేళ్లు వలల్లో పడి చనిపోతున్నాయి. ఇకనైనా ఆపుదాం!" ఫ్లెక్సు కొట్టించి, రేవులో ఐసు దించే షెడ్డు గోడకి కట్టించాను. ఆ సాయంత్రమే బోటు నడిపే సరంగు ఒకడు వచ్చి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, మొత్తం చదివాడు. నాకు లోపల్లోపల సంబరం. చదవడం అయ్యాక పక్కనున్న కళాసీ వైపు తిరిగి అన్నాడు కదా, "చూశావురా, మన వల్లోనే పడుతున్నాయనుకున్నాం. అందరికీ పడుతున్నాయంట."

ఆ గొంతులో బాధ లేదు. "హమ్మయ్య" అన్నట్టుంది.

(కంటి కింద ఆ చుక్క సంగతి కూడా చెప్పేస్తాను. సముద్రపు తాబేలు కళ్ల నుంచి కారేది కన్నీరు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా బయటికి పంపుతుంది. ఆ మాట నాకు తర్వాత ఒక జీవశాస్త్రవేత్త చెప్పాడు, కొంచెం జాలిగా.)

నేను ఈ తాబేళ్లని కాపాడే పనిలోకి రాకముందు సబ్బులు, షాంపూల మార్కెట్ రీసెర్చ్ చేసేదాన్ని. ఇల్లిల్లూ తిరిగి "మీరు ఈ సబ్బే ఎందుకు కొంటారు?" అని అడగడం, జవాబులు గళ్లలో నింపడం, ఆ గళ్లలోంచి కంపెనీకి పనికొచ్చే ముక్క ఒకటి వెతికి తీయడం. చాలా ఏళ్లు అదే పని. కాబట్టి ఆ పోస్టర్ చేసినందుకు నాకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది. "వేలాదిమంది ఈ సబ్బు కొంటున్నారు" అని రాస్తే అమ్మకాలు పెరుగుతాయని నాకు తెలుసు. అదే వాక్యాన్ని తాబేళ్ల మీద రాసినప్పుడు మాత్రం అది తిరగబడుతుందని తట్టలేదు. నలుగురితో నారాయణ అనే సూత్రం మంచికీ చెడుకీ ఒకేలా పనిచేస్తుంది. నేను పెద్ద ఎర్ర అక్షరాలతో రేవు మొత్తానికి చెప్పింది ఏమిటంటే, "ఇది అందరూ చేసే పనే" అని.

ఈ పొరపాటు మీద ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. అమెరికాలో అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ పార్కు. కోట్ల ఏళ్ల కిందట రాయిగా మారిన చెట్లు అక్కడ ముక్కలుగా పడి ఉంటాయి. వచ్చినవాళ్లు గుర్తుగా ఒక ముక్క జేబులో వేసుకుపోతుంటారు. అలా ఏడాదికి 14 టన్నులు పోతోందని, మన వారసత్వం దోపిడీ అవుతోందని పార్కువాళ్లే బోర్డు పెట్టుకున్నారు. రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో అక్కడికి వెళ్లి, బాటల పక్కన గుర్తులు పెట్టిన ముక్కలు వేసి, రెండు రకాల బోర్డులు పెట్టి చూశాడు. "ఇంతకుముందు వచ్చినవాళ్లు చాలామంది ముక్కలు తీసుకుపోయారు, దానివల్ల పార్కు రూపం మారిపోతోంది" అన్న బోర్డు ఉన్నప్పుడు, గుర్తుపెట్టిన ముక్కల్లో 7.92 శాతం మాయమయ్యాయి. "దయచేసి తీసుకెళ్లకండి" అని మామూలుగా అడిగిన బోర్డు దగ్గర 1.67 శాతమే. 2003లో ఇది అచ్చయింది. నేను చదివింది నా పోస్టర్ బెడిసికొట్టాక. ముందే చదివుంటే ఫ్లెక్సు ఖర్చు మిగిలేది.

జీవవైవిధ్యాన్ని కాపాడే పనిలో ఉన్నవాళ్లలో చాలామందికి మార్కెటింగ్ అనే మాట గిట్టదు. వాళ్లని తప్పు పట్టను. అడవులు తరిగిపోవడంలో మా వృత్తి వాటా ఎంతో నాకు తెలుసు. కానీ వాళ్లు మార్కెటింగ్ అంటే ప్రకటన అనుకుంటారు. అక్కడే పేచీ. జి.డి. వీబే అనే పరిశోధకుడు 1950ల మొదట్లోనే ఒక ప్రశ్న వేశాడు: సబ్బును అమ్మినట్టు సౌభ్రాతృత్వాన్ని అమ్మలేమా? (సబ్బే ఎందుకు గుర్తొచ్చిందో గానీ, ఆ వాక్యం చదివినప్పుడల్లా నా సొంతింటి మాటలా అనిపిస్తుంది.) 1971లో ఫిలిప్ కోట్లర్, జెరాల్డ్ జాల్ట్‌మన్ దానికి సోషల్ మార్కెటింగ్ అని పేరు పెట్టారు. అందులో ప్రకటన ఆఖరి మెట్టు. ముందు మెట్లన్నీ అడగడం, వినడం. ఎవరు చేస్తున్నారు, ఏ పని చేస్తున్నారు, ఆ పని వల్ల వాళ్లకేం ఒరుగుతోంది, మానుకుంటే ఏం పోతుంది. ఇవి తెలియకుండా పోస్టర్ వేయడమంటే రోగిని చూడకుండా మందు రాయడమే. నేను చేసింది సరిగ్గా అదే.

వినడం గురించి చెప్పాలంటే చెసపీక్ బే పీతల కథ చెప్పాల్సిందే. అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ పెద్ద అఖాతం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వసంతంలో పచ్చిక మీద ఎరువు చల్లుతారు, వానకి అది కొట్టుకొచ్చి నీళ్లలో కలుస్తుంది, నాచు పెరిగి ఆక్సిజన్ పడిపోతుంది, పీతలు, చేపలు బతకలేవు. 2005లో వాషింగ్టన్ ప్రాంతంలో ప్రచారం మొదలుపెట్టేముందు జనాన్ని అడిగారు. పర్యావరణం బాగుండాలని అందరూ తల ఊపారు. అందుకోసం పచ్చికకి ఎరువు మానుకోవడానికి మాత్రం పెద్దగా ఎవరూ సిద్ధంగా లేరు. అయితే ఆ అఖాతంలో దొరికే పీతలు తినడమంటే వాళ్లకి ప్రాణం. అంతే, నినాదం దొరికింది: "పీతల్ని కాపాడండి. ఆ తర్వాత తినేయండి." హోటళ్లలో గ్లాసు కింద పెట్టే అట్టల మీద దాన్నే అచ్చు వేయించారు. అడిగింది ఒక్కటే చిన్న పని: ఎరువు వేస్తే వేయండి, వసంతంలో కాకుండా ఆకురాలు కాలం దాకా ఆగండి. పచ్చిక పని చేసిపెట్టే కంపెనీలతో కూడా మాట్లాడి, వాళ్ల దగ్గర ఆ పద్ధతిలో చేసే సర్వీసు దొరికేలా చూశారు. వసంతంలో ఎరువు వేస్తామన్నవాళ్లు తర్వాతి సర్వేలో తగ్గారు.

జంతుప్రేమికులకు ఈ నినాదం నచ్చదు. నాకూ మొదట ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆ నినాదం నన్ను మెప్పించడానికి రాసింది కాదు కదా. నాకు పీతల మీద ప్రేమ ముందే ఉంది. నేను వాళ్ల కస్టమర్‌ని కాను.

వియత్నాంలో ఖడ్గమృగం కొమ్ము విషయంలోనూ ఇంతే. ఆ దేశంలో ఆఖరి జావా ఖడ్గమృగం 2010లో చనిపోయింది. అయినా ఆఫ్రికా నుంచి కొమ్ము దొంగతనంగా వస్తూనే ఉంది. కొనేది ఎవరు? అది మందని నమ్మే రోగులు అనుకుంటాం. వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ అనే సంస్థ సర్వే చేయిస్తే, నగరాల్లో బాగా సంపాదించిన మగవాళ్లు ముందు వరసలో తేలారు. పరువుకోసం కొంటున్నారు, పెద్దలకి కానుకగా ఇస్తున్నారు. అలాంటివాడికి రక్తం కారుతున్న ఖడ్గమృగాన్ని చూపించి ఏం లాభం? ఆ జంతువు ఎంత అరుదైతే ఆయన కానుక అంత గొప్పది. 2014లో మొదలైన "చీ" ప్రచారం అందుకే ఖడ్గమృగాన్ని పక్కన పెట్టి, మగాడి బలం అతని సంకల్పంలో ఉంటుంది గానీ కొమ్ము ముక్కలో ఉండదు అనే మాట పట్టుకుంది. ఆ భాషలో చీ అంటే సంకల్పబలం. మన చెవికి మాత్రం వేరేలా వినిపిస్తుంది, అదీ బాగానే సరిపోయింది.

అరుదైనదంటే మోజు పెరగడం మీద జీవశాస్త్రంలో పరిశోధన కూడా ఉంది. 2006లో ఫ్రాంక్ కూర్‌షాంప్, తోటి పరిశోధకులు రాసింది దాని గురించే: ఒక ప్రాణి తగ్గేకొద్దీ దాని ధర పెరిగితే, ఆఖరి ఒకటి రెండింటిని వెతికి పట్టడం కూడా గిట్టుబాటవుతుంది. కాబట్టి "ఇవి ఇంకా కొన్నే మిగిలాయి" అని మనం గుండెలు బాదుకుంటూ రాసే వాక్యం, కొనేవాడి చెవిలో "త్వరపడండి, స్టాకు అయిపోతోంది" అని మోగవచ్చు. షాంపూ అమ్మినప్పుడు ఆ వాక్యం నేనే ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

ముద్దుగా చూపించినా ముప్పే. స్లో లోరిస్ అని ఆసియా అడవుల్లో తిరిగే చిన్న జంతువు, దేవాంగపిల్లి జాతికి దగ్గరి చుట్టం. 2009లో ఎవరో దానికి చక్కిలిగింతలు పెడుతున్న వీడియో ఇంటర్నెట్లో పెట్టారు, లక్షలమంది చూశారు. అది చేతులు పైకెత్తితే జనం మురిసిపోయారు. నిజానికి బెదిరినప్పుడు అది చేతులు ఎత్తుతుంది, దాని మోచేతి దగ్గర విషగ్రంథి ఉంటుంది. అన్నా నెకారిస్ బృందం ఆ వీడియో కింద వచ్చిన 12,000కు పైగా కామెంట్లు ఓపిగ్గా చదివి 2013లో అచ్చు వేసింది. "నాకూ ఒకటి కావాలి" అన్నవాళ్లు బోలెడు. కామెంట్లు చదవడం కూడా సైన్సే అని నమ్మించడానికి నేను ఈ ఉదాహరణ అందరికీ చెబుతుంటాను.

సరే, మళ్లీ నా రేవుకి వస్తాను.

పోస్టర్ దెబ్బ తిన్నాక నా పాత పని మొదలుపెట్టాను. ప్రశ్నలు. కానీ ఇక్కడొక చిక్కు. "మీ వలలో పడ్డ తాబేలుని మీరేం చేశారు?" అంటే ఎవడు నిజం చెబుతాడు? చట్టం ప్రకారం తప్పయిన పని. పైగా చేతిలో పుస్తకం పట్టుకుని తిరిగే మనిషిని నేను. "వదిలేస్తాం మేడమ్" అని అందరూ ఒకటే జవాబు. సబ్బు సర్వేలో రోజూ రెండుసార్లు స్నానం చేస్తామని చెప్పిన లోకమే ఇదీ.

దీనికి పాచికల పద్ధతి ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ ఈ ఆలోచనకి పునాది వేశాడు, నేను వాడింది ఆ తర్వాత వచ్చిన రూపం. మనిషి చేతికి ఒక పాచిక, మూత ఉన్న డబ్బా ఇస్తాను. ఆయన డబ్బా ఊపి, నాకు కనబడకుండా తను మాత్రమే చూసుకుంటాడు. ఒకటి పడితే, నిజం ఏదైనా సరే "అవును" అనాలి. ఆరు పడితే "కాదు" అనాలి. రెండు నుంచి ఐదు దాకా ఏది పడినా నిజం చెప్పాలి. ఇప్పుడు ఆయన "అవును" అంటే అది నిజమో, పాచిక చెప్పించిందో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు, నాకైతే అసలే తెలియదు. కానీ అందరి జవాబులూ కలిపితే లెక్క తేలుతుంది. ఊరికే అనుకోండి, 120 మందిని అడిగితే 48 "అవును"లు వచ్చాయి. అందులో సుమారు 20 పాచిక చెప్పించినవి. ఇంకో 20 మందిచేత పాచిక "కాదు" అనిపించింది. మిగిలిన 80 మందే నిజం చెప్పినట్టు, వాళ్లలో 28 మంది "అవును" అన్నట్టు. అంటే 35 శాతం. ఏ ఒక్కడినీ పట్టివ్వకుండా మొత్తం నిజం చేతికొస్తుంది. ఇంత అందమైన పనిముట్టు సబ్బుల కంపెనీలో నాకెప్పుడూ అవసరం పడలేదు.

కాగితం మీద ఇంత అందం. రేవులో మొదటి రోజు ఒక పెద్దాయన డబ్బా ఊపి, మూత తీసి నాకే చూపించాడు. "ఒకటి పడిందమ్మా. అవునని చెప్పాలా?"

"నాకు చూపించకూడదు బాబాయ్. మళ్లీ వేయండి."

మళ్లీ వేశాడు. ఈసారి డబ్బాని గుండెకి అదుముకుని, పేకముక్కలు చూసుకున్నట్టు చూసుకుని, "ఆరు" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వులే నవ్వులు. ఆ రోజు ఫారాలన్నీ చింపేశాను. మర్నాటి నుంచి ముందు ఉత్తుత్తి ప్రశ్నతో ఆడించేదాన్ని, "మీరెప్పుడైనా పెళ్లాంతో అబద్ధం చెప్పారా?" అని. ఆ ఆట రెండు రౌండ్లు అయ్యేసరికి పద్ధతి అందరికీ ఎక్కేది. అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి డబ్బా మీద అరచేయి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ అరచేయి చూశాక నమ్మకం కుదిరింది.

ఫ్రేయా సెయింట్ జాన్ అనే పరిశోధకురాలు దక్షిణాఫ్రికాలో రైతుల్ని ఇలాగే అడిగింది, చిరుతల్లాంటి మాంసాహార జంతువుల్ని చంపారా అని. 2012లో వచ్చిన ఆ పత్రంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. "నా తోటివాళ్లలో చాలామంది చంపుతుంటారు" అని ఎవరు ఎంతగా అనుకుంటున్నారన్నది, ఆ మనిషి తను చంపాడా లేదా అన్నదానికి మంచి ఆనవాలట. అది చదవగానే సరంగు గొంతు మళ్లీ చెవిలో పడింది. "అందరికీ పడుతున్నాయంట."

పాచికల తర్వాత మామూలు కబుర్లు. వలలో తాబేలు తప్పించుకునేలా పెట్టే ఇనుప చట్రం ఒకటుంది, టెడ్ అంటారు. కమ్ముల సందుల్లోంచి రొయ్యలు వెనక్కి పోతాయి, తాబేలు కమ్ములకి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. తాబేలు గాలి పీల్చే ప్రాణి కనుక వల లోపల ఎక్కువసేపు ఉంటే ఊపిరాడక చచ్చిపోతుంది, అందుకని ఈ చట్రం. అది మాకొద్దని ఎవరూ గట్టిగా అనలేదు, వాడినవాళ్లూ పెద్దగా లేరు. ఎందుకని అడిగితే, సరుకు కూడా ఆ కంతలోంచి జారిపోతుందని భయం. ఇంకొంచెం కూర్చుంటే ఇంకో మాట వచ్చింది. "సరుకు తగ్గితే వాటా తగ్గుద్ది. వాటా తగ్గితే కళాసీలు నన్ను అడుగుతారు, ఓనరు నన్నే అడుగుతాడు. తాబేలు వచ్చి చెప్పుద్దా నా తరఫున?" అన్నాడు సరంగు. మాకు తాబేలంటే కోపమేం లేదమ్మా అని కూడా అన్నాడు. అవగాహన కల్పించాలి, అవగాహన కల్పించాలి అని మేం మీటింగుల్లో జపం చేస్తుంటాం. ఆయనకి అవగాహన నాకంటే ఎక్కువే ఉంది. ఆయన దగ్గర లేనిది ఓనరు ముందు చెప్పుకోవడానికి ఒక మాట.

ఇంకో సంగతి కూడా తేలింది. వల గురించి రేవులో అందరూ నమ్మేది ఒకే మనిషిని. వలలు కుట్టే ఆయన. చట్రం పెట్టాలన్నా, ఏ కోణంలో కుట్టాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. కోణం తప్పితే సరుకు నిజంగానే పోతుంది. మా పోస్టర్లు, మీటింగులు, బహుమతి టోపీలు ఏవీ ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఆయన వలల గుట్ట పక్కన కూర్చుని మమ్మల్నందరినీ చూస్తూ ఉన్నాడు, అంతే.

ప్రచారానికి ప్రాణం పోసేది ఇలాంటి స్థానిక మనిషే అని పాత కథలన్నీ చెబుతాయి. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో 1970ల చివర పాల్ బట్లర్ అనే కుర్రాడు ఒక చిలుకని కాపాడాలని బయల్దేరాడు. అప్పటికి ఆ చిలుకలు నూటికి కాస్త అటూ ఇటూ మిగిలాయి. అంకెలు పక్కన పెట్టి, ఇది మన దీవిలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు అన్న గర్వాన్ని పట్టుకున్నాడు. చిలుక వేషం వేసిన మనిషి బడి బడికీ తిరిగాడు. 1979లో అది జాతీయ పక్షి అయింది, సంఖ్య మళ్లీ పెరిగింది. ఆ పద్ధతిని రేర్ అనే సంస్థ ప్రైడ్ పేరుతో 50కి పైగా దేశాలకు తీసుకెళ్లింది.

గుజరాత్ తీరంలో తిమింగలం సొరది ఇంకా హత్తుకునే కథ. దాని కాలేయపు నూనె పడవలకు పూయడానికి వేటాడేవాళ్లు. వేటలో పీపాలు వాడేవాళ్లు కనుక దాని పేరే "బ్యారల్". 2001లో చట్టం దాన్ని కాపాడమంది. చట్టం ఒక్కటే వేటని ఆపలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ప్రచారంలోకి రామకథ చెప్పే మొరారీ బాపూ వచ్చి, అది కాన్పుకి పుట్టింటికి వచ్చే కూతురు అన్నాడు. పేరు "వ్హాలీ" అయింది, అంటే ముద్దుల బిడ్డ. జాలర్లు తమ వలలు తామే కోసి దాన్ని వదిలేయడం మొదలుపెట్టారు, తెగిన వలకి ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లంతా బాపూ దగ్గర ఆపేస్తారు. నాకు ఆ పరిహారం కూడా అంతే ముఖ్యం. కూతురే అయినా, వల తెగితే మర్నాడు పొయ్యి ఎలా వెలగాలి?

మా పనికి డబ్బిచ్చినవాళ్లకి ఇవేవీ పట్టలేదు. వాళ్లకి కావాల్సింది ఒకే గడి: "ఎంతమందికి చేరింది?" నేను నిజాయితీగా, ఒక వలలు కుట్టే మనిషికి, ఆయన ద్వారా కొన్ని బోట్లకి అని రాశాను. రిపోర్టు తిరిగొచ్చింది. పక్కనే మా ఫేస్‌బుక్ పేజీ లెక్క లక్షల్లో ఉంది కదా, అది వేయమన్నారు. ఆ లక్షల్లో వల పట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగితే, ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. చివరికి ఆ అంకె వేశాను. వేయకపోతే రెండో ఏడు డబ్బు రాదు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు గానీ, దాచడం కూడా ఇష్టం లేదు.

రెండో ఏడు పోస్టర్ వేయలేదు. వలలు కుట్టే ఆయనకి చట్రం అమర్చే కోణాలు చూపించడానికి ఒక నిపుణుణ్ణి తీసుకొచ్చాం. ఆయన మొదట ఒప్పుకోలేదు, తర్వాత తనే ఒక కోణం మార్చాడు, మార్చాక "నా చట్రం" అనడం మొదలుపెట్టాడు. చట్రం ఉంటే పెద్ద జెల్లీఫిష్‌లు, దుంగలు, చెత్త కూడా బయటికి పోతాయి, రొయ్యలు వాటి కింద నలగవు. తాబేలు ఊసే ఎత్తకుండా ఆ మాట ఆయన సరంగులకు చెప్పాడు. ఓనరు ముందు పెట్టుకోవడానికి వాళ్లకి కావలసిన మాట అదే. అందరూ పెట్టారా? లేదు. పెట్టి, నెల తిరక్కుండా తీసేసినవాళ్లూ ఉన్నారు. పాచికల సర్వే ఈ ఏడు మళ్లీ చేయాలి, అప్పుడు గానీ అసలు లెక్క తెలియదు.

మొన్న రేవుకి వెళితే ఆ సరంగు బోటు మీద వల కుప్ప కప్పి ఉంది. పైన కప్పింది నా పాత ఫ్లెక్సు. బోర్లించి వేశాడు, తెల్లవైపు పైకి. అంచు గాలికి లేచినప్పుడు తాబేలు కన్ను, దాని కింద చుక్క కాస్త కనబడి మళ్లీ పడిపోతున్నాయి. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"మంచి గట్టి సరుకమ్మా ఇది. ఎండకీ వానకీ ఆగుతోంది. ఇంకా ఏమన్నా మిగిలాయా మీ దగ్గర?"

రెండున్నాయి. రేపు పంపిస్తానన్నాను.